శిక్షకూ శిక్షణకూ మధ్య: సైనిక విద్యాలయ కథనాల్లో నాయకత్వ భావన

వ్యాససంగ్రహం:
సైనిక విద్యాలయంలో నాయకత్వ శిక్షణ పొందే యువకుని అనుభవాన్ని కథనాలు ఏ విధంగా చిత్రిస్తాయి, ఆ చిత్రణలో దేనిని చెబుతాయి, దేనిని దాటవేస్తాయి అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం. పెరూ రచయిత మారియో వర్గాస్ లోసా తొలి నవల ‘లా సియుదాద్ ఇ లోస్ పెర్రోస్’ (1963) ప్రధాన ఆకరం. ఫర్హాన్ అఖ్తర్ దర్శకత్వం వహించిన హిందీ చలనచిత్రం ‘లక్ష్య’ (2004) తులనకు స్వీకరించబడింది. ఆదిపర్వంలోని కుమారాస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టాన్ని అవసరమైన మేరకు ప్రస్తావించడం జరిగింది.

కీలకపదాలు: సైనిక శిక్షణ, నాయకత్వం, క్యాడెట్, వర్గాస్ లోసా, లక్ష్య, ఆదిపర్వం, తులనాత్మక పరిశీలన.

ఉపోద్ఘాతం:
సంస్కృతంలో ‘శిక్ష్’ ధాతువుకు విద్యను గ్రహించడమని అర్థం. వేదాంగాల్లో ఒకటైన శిక్ష ఉచ్చారణను నేర్పే శాస్త్రం. తెలుగు వాడుకలో మాత్రం ‘శిక్ష’ దండనకు స్థిరపడి, నేర్పడానికి ‘శిక్షణ’ మిగిలింది. శిక్షాస్మృతి అంటే న్యాయస్థానం, శిక్షణ శిబిరం అంటే అభ్యాసం స్ఫురిస్తాయి. ఒక్క అక్షరంతో వేరుపడిన ఈ రెండర్థాలూ మళ్లీ కలిసిపోయే చోటు సైనిక విద్యాలయం. అక్కడ దండన బోధనలో ఒక పద్ధతి. మన దేశపు సైనిక అకాడమీల వాడుకలో ‘రగడా’ అనే మాట ఒకటుంది. ఒళ్లు హూనమయ్యేలా చేయించే దండనకు అది పేరు. చేసిన తప్పుకు తగిన మోతాదు అన్న లెక్క దానికి ఉండనక్కరలేదు. ఒకడు తప్పు చేస్తే తోటివారందరూ కంకరపై పొర్లవలసి రావచ్చు. అన్యాయంగా కనిపించే ఈ పద్ధతికి ఒక సమర్థన ఉంది: యుద్ధంలో ఒకరి పొరపాటుకు అందరూ మూల్యం చెల్లిస్తారు గనుక, ఆ సంగతి ముందుగానే ఒంటికి తెలియాలి.

సమర్థనలో బలం లేకపోలేదు. అయితే ఇటువంటి శిక్షణ నుంచి వచ్చేది నాయకుడా, విధేయుడా అన్న ప్రశ్న దానితో తీరదు. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలటరీ అకాడమీని 1932 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభిస్తూ ఫిలిప్ చెట్‌వుడ్ చేసిన ప్రసంగంలోని ఆదర్శం నేటికీ ఆ సంస్థకు మూలసూత్రంగా ఉంది. దేశం మొదట, తాను నడిపే సైనికులు తరువాత, తన సుఖం చిట్టచివర అన్నది దాని సారాంశం. ఈ క్రమంలో విద్యాలయానికి ప్రత్యేక స్థానమేమీ లేదన్నది గమనార్హం. సంస్థ గౌరవానికీ సైనికుని క్షేమానికీ పొత్తు కుదరనప్పుడు నాయకుడు దేనిని ఎంచుకోవాలి? వర్గాస్ లోసా నవల నిలబడేది ఈ ప్రశ్న మీదనే.

పాటలో ఒదిగిన మార్పు:
‘లక్ష్య’ కథానాయకుడు కరణ్ శేర్‌గిల్ ఢిల్లీలో సంపన్న కుటుంబపు కుర్రవాడు. ఏం కావాలో తెలియనివాడు. స్నేహితుని మాట విని సైన్యంలో చేరాలనుకుంటాడు. అకాడమీ క్రమశిక్షణకు తట్టుకోలేక పారిపోయి వస్తాడు. తండ్రి దృష్టిలో చులకనవుతాడు, ప్రేమించిన రోమిలా దూరమవుతుంది. అప్పుడు తనంతట తానే తిరిగి వెళ్లి, విధించిన దండనను స్వీకరించి, అధికారిగా బయటకు వస్తాడు. ఈ రెండో రాకలో జరిగిన మార్పునంతటినీ చిత్రం ఒక పాటలో చూపుతుంది. పరుగులు, తాళ్లపై పాకడం, కవాతు, తుపాకీ గురి ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయి. పాట ముగిసేసరికి మనిషి మారిపోయి ఉంటాడు.

ఇది దర్శకుని లోపం కాదు, ఈ తరహా కథనానికి సహజమైన వెసులుబాటు. ప్రేక్షకుడు ఫలితాన్ని ఆశిస్తాడు, ప్రక్రియను కాదు. శశికిరణ్ తిక్క దర్శకత్వంలో వచ్చిన తెలుగు చిత్రం ‘మేజర్’ (2022)కు ఈ వెసులుబాటు మరింత సహజంగా అమరింది. మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ 2008 నవంబరులో ముంబయిలో అమరుడైన సంగతి ప్రేక్షకుడికి ముందే తెలుసు గనుక, శిక్షణ దృశ్యాలన్నీ ఆ త్యాగానికి పూర్వరంగంగానే అర్థమవుతాయి. ముగింపు వెలుగు మొదటి నుంచే వాటిపై పడుతుంది. అందువల్ల శిక్షణను శిక్షణగా చూసే అవకాశం తగ్గుతుంది.

అయినప్పటికీ ‘లక్ష్య’లో ఒక సూక్ష్మమైన నిజాయితీ ఉంది. కరణ్ పారిపోగలిగాడు. వెనక్కి వెళ్లడానికి అతనికి ఒక ఇల్లు, తండ్రి సంపద ఉన్నాయి. అకాడమీ గేటు అతనికి రెండు వైపులా తెరుచుకునే తలుపు. కొడుకు ఉద్యోగం మీదనే ఆశ పెట్టుకున్న కుటుంబం నుంచి వచ్చిన క్యాడెట్ పారిపోతే కథ ఇలా సాగదు. చిత్రం ఈ తేడాను చర్చించదు, కానీ దాచదు కూడా. కరణ్‌ది ఎంపిక అని మనకు అనిపించడానికి కారణం అతనికి ఎంపిక ఉండడమే.

చిత్రం పూర్తిగా వదిలివేసిన పార్శ్వం మరొకటి ఉంది. అందులో క్యాడెట్‌ను మలిచేవారు అధికారులు. తోటి క్యాడెట్ల మధ్య నడిచే రెండో పాలన, అంటే రాత్రిళ్లు బ్యారక్‌లో అమలయ్యే రాయని చట్టం, తెరపైకి రాదు. వర్గాస్ లోసా నవల అక్కడి నుంచే మొదలవుతుంది.

కుక్కల ఏడాది:
లిమా నగరం పక్కన కయావో ప్రాంతంలోని లియోన్సియో ప్రాదో సైనిక విద్యాలయంలో వర్గాస్ లోసా 1950, 1951 సంవత్సరాల్లో చదివాడు. కొడుకుకు పట్టిన సాహిత్యపు పిచ్చి వదలాలని తండ్రే అక్కడ చేర్పించాడు. ఆ రెండేళ్ల నుంచే నవల పుట్టడం సాహిత్యచరిత్రలోని చమత్కారాల్లో ఒకటి. ఇది అధికారులను తయారుచేసే అకాడమీ కాదు, సైనిక పద్ధతిలో నడిచే ఉన్నత పాఠశాల. కనుక డెహ్రాడూన్‌తో దీనిని సూటిగా పోల్చడం సరికాదన్న అభ్యంతరం రావచ్చు. అభ్యంతరం సబబే. అయితే ఇక్కడ పోలుస్తున్నది సంస్థలను కాదు, శిక్షణ గురించిన కథన పద్ధతులను.

శీర్షికలోని ‘కుక్కలు’ మొదటి ఏడాది క్యాడెట్లు. పై తరగతివారు వారిని నాలుగు కాళ్లపై నడిపిస్తారు, మొరిగిస్తారు, ఒకరినొకరు కరవమంటారు. ఈ అవమానానికి లొంగనివాడు ఒక్కడే, జాగ్వార్. వాడు తిరగబడి, తోటివారిని రక్షించడానికి ఒక ముఠా కడతాడు. రక్షణ కోసం కట్టిన ముఠా క్రమంగా దొంగతనాలకూ దౌర్జన్యానికీ యంత్రమవుతుంది. నవల ఆరంభంలో పాచికలు పడతాయి, రసాయనశాస్త్ర ప్రశ్నపత్రాన్ని దొంగిలించే పని కావా అనే కుర్రవాడి వంతుకు వస్తుంది. తత్తరపాటులో వాడు కిటికీ అద్దం పగలగొడతాడు. కథ మొత్తానికి ఆ పగిలిన అద్దమే బీజం.

విద్యాలయంలో తెల్లవారు, నల్లవారు, కొండప్రాంతపు ఆదివాసీ మూలాలవారు, సంపన్నుల పిల్లలు, పేదల పిల్లలు ఒకే బ్యారక్‌లో ఉంటారు. యూనిఫాం అందరినీ సమం చేస్తుందన్నది అధికారిక విశ్వాసం. నవలలో యూనిఫాం కింద ప్రతి తేడా మరింత పదునెక్కుతుంది. కొండల నుంచి వచ్చిన కావాను తోటివారు వాడి పుట్టుక పేరుతోనే ఎద్దేవా చేస్తారు. చివరికి అందరి ముందు చిహ్నాలు పెరికివేయబడి బహిష్కృతుడయ్యేదీ వాడే.

ఈ సందర్భంలో ఆదిపర్వం స్ఫురించకుండా ఉండదు. ద్రోణుడు తన శిష్యుల విద్యను రంగస్థలంపై రాజుకూ పౌరులకూ చూపిన ఘట్టం నేటి పాసింగ్ అవుట్ పరేడ్‌కు ప్రాచీన రూపం. అర్జునునితో సమానంగా విద్య చూపిన కర్ణుని కృపుడు కులగోత్రాలు అడుగుతాడు. విద్యను పరీక్షించవలసిన వేదిక పుట్టుకను పరీక్షిస్తుంది. అంతకు ముందే ఏకలవ్యుని బొటనవేలు తెగింది. చెట్టుకొమ్మన కృత్రిమ పక్షిని గురి పెట్టించిన పరీక్షను ఏకాగ్రతకు ఉదాహరణగా బడుల్లో చెబుతూనే ఉన్నారు. పక్షి తల తప్ప మరేదీ కనిపించని చూపు విలుకాడికి గుణం. చెట్టునూ తోటివారినీ చూడలేకపోవడం నాయకుడికి గుణమవుతుందా అన్నది ఆ బడుల్లో వినిపించని ప్రశ్న. హిందీ చిత్రం తన పేరును ఆ విలువ నుంచే తీసుకున్నట్లుంది. వర్గాస్ లోసా మాత్రం గురిని వదలి చుట్టూ ఉన్నవారిని చూస్తాడు.

కొండెం:
ముఠాలో లేని రికార్దో అరానా మెతకవాడు. అందరూ ‘బానిస’ అని పిలుస్తారు. అద్దం పగిలిన రాత్రి కాపలాలో ఉన్నవారికి సెలవులు రద్దవుతాయి. తెరెసా అనే అమ్మాయిని చూడాలన్న తపనతో అరానా కావా పేరు చెప్పి సెలవు సంపాదిస్తాడు. తరువాత జరిగిన క్షేత్ర విన్యాసాల్లో అరానా తలలో తూటా దిగుతుంది. తన తుపాకీయే పేలి చనిపోయాడని విద్యాలయం ప్రకటిస్తుంది. మిత్రుడు అల్బెర్తో, జాగ్వార్ హంతకుడని లెఫ్టినెంట్ గాంబోవాకు చెబుతాడు. దర్యాప్తు ముందుకు సాగదు. తోటివారికి డబ్బుకు బూతుకథలు రాసి అమ్మిన అల్బెర్తో కాగితాలను కర్నల్ బయటకు తీస్తాడు. అల్బెర్తో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు.

హత్య జరిగిందా, చేసిందెవరు అన్న చర్చ విమర్శకులను చాలాకాలం పట్టుకుంది. నవల చివర జాగ్వార్ ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలును అనుమానించినవారూ ఉన్నారు. ఈ చర్చ ఆసక్తికరమే గాని, నవలలో అంతకన్నా బరువైన విషయం కొండెం. బ్యారక్ చట్టంలో కొండెం చెప్పడానికి మించిన పాపం లేదు. ఆ చట్టం నేరస్థుల చట్టంలా కనిపించినా, అది సంస్థ నేర్పిన పాఠానికి నకలే. బయటివారికి లోపలి మాట చెప్పకూడదన్నది బ్యారక్ నీతి. సరిగ్గా అదే నీతితో కర్నల్ అరానా మరణాన్ని ప్రమాదంగా నమోదు చేస్తాడు. కుర్రవాళ్లు నేర్చుకున్నది తరగతిగది పాఠమా, బ్యారక్ పాఠమా అని విడదీయలేని స్థితికి పాఠకుడు చేరతాడు.

రచయిత జాగ్వార్‌ను వట్టి దుర్మార్గుడిగా వదలకపోవడం నవలకు గొప్ప బలం. అల్బెర్తో ఫిర్యాదు తరువాత బ్యారక్‌లో సోదా జరిగి, దాచుకున్న మద్యం, సిగరెట్లు బయటపడతాయి. సమాచారం ఇచ్చింది జాగ్వారే అని తోటివారు నమ్మి వాడిని కొడతారు. అసలు చెప్పినవాడెవరో తెలిసినా వాడు నోరు విప్పడు. ఎవరిని కాపాడడానికి ముఠా కట్టాడో వారి చేతిలోనే ‘బానిస’ ఒంటరితనం వాడికి అనుభవమవుతుంది. మరోవైపు నవల పొడవునా, తెరెసాను ప్రేమించే ఒక పేద కుర్రవాడి గొంతు పేరు లేకుండా వినిపిస్తూ ఉంటుంది. ఆ గొంతు జాగ్వార్‌దని పాఠకుడికి చివరి అధ్యాయాల్లోగాని స్పష్టం కాదు. క్రూరుడనుకున్నవాడూ, జాలిపడినవాడూ ఒకడే అని తేలినప్పుడు, శిక్షణ ఏ మనిషిని ఏ మనిషిగా మార్చిందన్న లెక్క పాఠకుడి చేతిలో తారుమారవుతుంది. సినిమా పాట చేయలేని పని ఇది.

ఈ రెండు రచనలూ పురుషప్రపంచాలే. తెరెసా, రోమిలా ఇద్దరూ గేటు బయట నిలబడి లోపలివాడికి కారణాలవుతారు, అంతే. పిల్లవాడు పురుషుడవుతాడన్నదే ఈ కథనాల పాత చట్రం. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ నుంచి 2025 మే నెలలో తొలి మహిళా క్యాడెట్ల బృందం, 17 మంది, శిక్షణ పూర్తిచేసుకుని బయటకు వచ్చింది. వారి అనుభవం కథగా వచ్చేటప్పుడు ఆ చట్రం సరిపోదు. పరిశోధకులు ఎదురుచూడదగిన మార్పు ఇది.

గాంబోవా:
నవలలో పాఠకుల చర్చకు తక్కువగా నోచుకున్న పాత్ర లెఫ్టినెంట్ గాంబోవా. క్యాడెట్లు భయపడే అధికారి, గౌరవించే అధికారి అతడే. నియమావళి అతనికి కంఠస్థం. శిక్షించడంలో కఠినుడు, కానీ కారణం లేకుండా శిక్షించడు. శిక్షణకు సంస్థ చెప్పుకునే ప్రతి ఆదర్శం అతనిలో రూపుకట్టింది. ఒక్కమాటలో, ఆ విద్యాలయం తయారుచేయాలనుకున్న మనిషి అతడే.

అల్బెర్తో మాట విన్నాక గాంబోవా చేసిన పని తిరుగుబాటు కాదు. నియమం ప్రకారం నివేదిక రాశాడు. వెనక్కి తీసుకోమని పైఅధికారులు హెచ్చరించినా వెనుదీయలేదు. ఫలితంగా దూరాన కొండల్లోని హులియాకాకు బదిలీ అయ్యాడు. నియమాన్ని ఉల్లంఘించినందుకు కాదు, నియమాన్ని నమ్మినందుకు పడిన దండన ఇది. ఇక్కడ శిక్షకూ శిక్షణకూ మధ్య ఉన్న సంబంధం తలకిందులవుతుంది. శిక్షణను సంపూర్ణంగా స్వీకరించినవాడే శిక్షార్హుడయ్యాడు.

వర్గాస్ లోసా సైనిక వ్యతిరేకి అని, నవల సైన్యంపై దాడి అని వచ్చిన ఆరోపణ గాంబోవాను పక్కన పెడితేనే నిలుస్తుంది. ఆ విద్యాలయంలో నవల ప్రతులను తగలబెట్టారన్న ప్రచారం చాలాకాలంగా ఉంది. తగలబెట్టినవారు ఉంటే, వారు తమ ఆదర్శానికి సాహిత్యం ఇచ్చిన అత్యంత గౌరవప్రదమైన ప్రతినిధిని కూడా మంటల్లో వేసినట్లే. సైనిక ఆదర్శాన్ని నవల ఎగతాళి చేయదు. ఆ ఆదర్శాన్ని సంస్థ ఎంతవరకు భరించగలదో కొలుస్తుంది.

‘లక్ష్య’ చివరిలో కరణ్ కొండశిఖరాన జెండా నిలుపుతాడు. తండ్రి, ప్రేయసి, రెజిమెంటు అందరూ అతన్ని గుర్తిస్తారు. గాంబోవా కూడా చివరికి కొండల వైపే వెళతాడు, కానీ అతన్ని గుర్తించేవాడు జాగ్వార్ ఒక్కడే. బయలుదేరే ముందు జాగ్వార్ అతని చేతికి తన నేరాన్ని ఒప్పుకుంటూ రాసిన కాగితం ఇస్తాడు. సంస్థ తన పొరపాటును ఒప్పుకోవడం కన్నా చనిపోయిన అరానా లేచి రావడమే తేలికని గాంబోవాకు అప్పటికే తెలుసు. అతడు ఆ కాగితాన్ని చదివి, చింపివేస్తాడు. చింపినది కుర్రవాడి మీద దయతోనా, నియమావళి మీద నమ్మకం పోయా అన్నది రచయిత చెప్పడు.