న్యాయవాది వ్రాసిన నేరకథ

కోర్టులో పలికినది కాగితముమీద మిగులును. కోర్టువరకు రానిది మిగులదు. ఫిర్యాదు, సాక్షుల వాంగ్మూలములు, పంచాయతీదారులు వ్రేలిముద్రలు వేసిన పంచనామా, వైద్యుని శవపరీక్షాపత్రము, తుదకు న్యాయాధిపతి తీర్పు, ఇవన్నియు కలిసి యొక కేసుకట్ట యగును. ఆ కట్టను చదువ నేర్చినవాడు న్యాయవాది. అందులో ఏది నిజమో, ఏది నేర్పిన మాటయో అతనికి తెలిసినంతగా మరియొకనికి తెలియదు. కావున న్యాయవాది కలము పట్టి నేరమునుగూర్చి కథ వ్రాసినను, చరిత్ర వ్రాసినను మనము ఆశతో చదువుదుము. ఆ యాశ యెంతవరకు తీరినది? ఎక్కడ తీరలేదు? అనంతపురపు మెట్టనేలమీద నిలిచి ఈ ప్రశ్న వేసికొనుట మా యుద్దేశము. ఏలయన మా ప్రాంతము నేరమునకు పేరుమోసిన సీమ యని లోకము తలచును; ఆ పేరు పెట్టినవారిలో కథలు చెప్పినవారే యెక్కువ.

మొదట మా జిల్లాలోనే జరిగిన యొక సంగతి. 1893 అక్టోబరు 4వ తేదీన గుంతకల్లుచెంత కొందరు ఆంగ్ల సైనికులు ఇద్దరు స్త్రీలను తరిమిరి. రైలుగేటు కాపరి హంపన్న ఆ స్త్రీలకు అండనిచ్చి సైనికులకు అడ్డుపడెను. వారిలో నొకడు తుపాకి కాల్చెను. మరునాడు హంపన్న మరణించెను. అప్పుడు గుత్తిలో ప్లీడరుగా నుండి, మద్రాసు ‘హిందూ’ పత్రికకు విలేఖరిగా వ్రాయుచుండినవారు పట్టు కేశవపిళ్ళె. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు మహాసభకు వెళ్ళివచ్చిన వారిలో ఆయన యొకరు. ఆయన ఈ సంగతిని పత్రికాముఖమున దేశమునకు తెలిపెను. విచారణ మద్రాసు హైకోర్టులో జరిగెను. ముద్దాయి విడుదల యయ్యెను.

ఈ తీర్పు అర్థము కావలెనన్న అప్పటి చట్టము తెలియవలెను. 1883లో ఇల్బర్టు బిల్లు వచ్చినప్పుడు, తమను నల్లవాడు విచారింపరాదని తెల్లవారు గొప్ప అలజడి చేసిరి. దాని ఫలముగా 1884లో రాజీ కుదిరెను. ముద్దాయి తెల్లవాడైనచో, జూరీలో సగముమందికి తక్కువ కాకుండ ఐరోపావారో అమెరికావారో ఉండవలెనని కోరుటకు అతనికి హక్కు దక్కెను. మైదానములో తుపాకి పేలిన తొమ్మిదేండ్లకు మునుపే తీర్పునకు తలుపు తెరచియుంచిరన్నమాట.

కోర్టు ఆ దినమున అడిగిన ప్రశ్న యొకటే: ఈ మనుష్యుడే కాల్చెనని సంశయము లేకుండ రుజువైనదా? వ్రాతగాడు అడుగవలసిన ప్రశ్న వేరు: చచ్చినవాడెవడు, దేనికొరకు చచ్చెను? మొదటి ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు వచ్చిన దినమున రెండవ ప్రశ్న చచ్చిపోలేదు. జనులు చందాలు వేసికొని హంపన్నకు స్మారకశిల నిలిపిరి. ఆ జూరీ సభ్యుల పేర్లు నేడు మనలో ఎవ్వరికి జ్ఞాపకమున్నవి? గేటుకాపరి పేరు గుత్తి, గుంతకల్లు ప్రాంతములలో ఇప్పటికిని చెప్పుకొందురు. న్యాయవాది కలముపట్టుటవలన కలుగు మేలు ఇది: కోర్టులో ఓడిపోయిన నిజమునకు మరియొక నిలువనీడ దొరకును. అయినను ఈ కథ చెప్పినవారికి మా ఫిర్యాదొకటి కలదు. హంపన్న పేరు అందరును చెప్పుదురు. ఆ స్త్రీలు మాత్రము ‘ఇద్దరు స్త్రీలు’గానే మిగిలిరి. వారేమి చూచిరి, ఏమి చెప్పిరి, తర్వాత ఎట్లు బ్రదికిరి? వీరుని కథలో వారు నిమిత్తమాత్రు లైపోయిరి.

ఇక కల్పన మాట. తెలుగున కోర్టును అద్దములో చూపిన తొలి గ్రంథములలో ‘కన్యాశుల్కము’ ముఖ్యము. గురజాడ అప్పారావుగారు వకీలు కాకున్నను, 1909నాటి కూర్పులో వారు అల్లిన కేసును వకీళ్ళందరును చదువవలెను. ఆడువేషము వేసిన బాలుని పెండ్లాడిన లుబ్ధావధానులు, ఆ ‘పెండ్లికూతురు’ కనబడనందున, ఆమెను చంపెనను నేరములో చిక్కుకొనును. చంపబడిన పిల్ల లోకమున లేనేలేదు. అయినను సాక్షులు దొరకుదురు. నేరము లేనిచోట కేసు నిలుచుటయు, నేరమున్నచోట కేసు నిలువకపోవుటయు మన దేశములో కొత్త గాదు. గురజాడవారు మొదటిదానిని నవ్వుతో చెప్పిరి.

రెండవదానిని ఏడ్పుతో చెప్పినవారు న్యాయవాది యగు ఉన్నవ లక్ష్మీనారాయణగారు. వారు డబ్లినులో చదివి బారిష్టరైరి. 1922లో రాయవెల్లూరు జైలులో ‘మాలపల్లి’ వ్రాసిరి. ప్రభుత్వమువారు ఆ నవలను నిషేధించిరి. అందులో సంగదాసు, భూస్వామి యగు చౌదరయ్య చేతి దెబ్బకు మరణించును. ఆ హత్య హత్యగా కోర్టు మెట్లెక్కదు. తమ్ముడు వెంకటదాసు కొంతకాలమునకు తక్కెళ్ళ జగ్గడను పేరుతో దోపిడిదొంగల నాయకు డగును. అనగా పోలీసు జాబితాలో మనకు కనబడునది తమ్ముని నేరము మాత్రమే. అన్న చావు ఏ జాబితాలోను లేదు. ఒక నేరమును వ్రాయక విడిచినందువలన మరియొక నేరము పుట్టుట యెట్లో ఇంత సూటిగా చూపిన నవల తెలుగున అరుదు. ఇది న్యాయవాది చూపు. ఆ నవలలోని దోషమును న్యాయవాది దోషమే: వాదము మొదలిడినచో ఆపలేడు. పాత్రలు మాటాడుట మాని ఉపన్యసించు పుటలు అందు పెక్కులు కలవు. పాఠకుని జూరీగా నెంచి, ఒప్పించిన తర్వాత గూడ ఒప్పించుచునే యుందురు.

ఆ దోషమును దాటినవారు విశాఖపట్టణపు న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు (1922–1993). మద్యనిషేధము 1937లో సేలము జిల్లాలో ఆరంభమై, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించెను. ఆ చట్టము చుట్టును పెరిగిన దొంగసారా, మామూళ్ళు, కూటసాక్ష్యములు, వీనినుండి పుట్టినవి వారి ‘ఆరు సారా కథలు’. ‘మాయ’ యను కథలో, వృత్తికి క్రొత్త యైన యొక యువ న్యాయవాదికి, ముద్దాయి ముత్యాలమ్మయే లోకము తీరు బోధించును. కాపాడవలసినవాడు శిష్యుడై కూర్చుండును. చట్టము చదివినవానికంటె చట్టముక్రింద నలిగినదానికి చట్టము బాగుగా తెలియునను సత్యము ఈ కథకు ప్రాణము. ఏ సిద్ధాంతగ్రంథము ఈ మాటను ఇంత తేటగా చెప్పలేదని మా నమ్మకము.

అయినను శాస్త్రిగారి యెడల గూడ మేము నిష్పాక్షికముగా నుండవలెను. ఆయన ఉపమానముల వరద ఒక్కొక్కచోట సాక్షి గొంతును ముంచివేయును. ముత్యాలమ్మ పలుకుల పదును చూచి మనము మెచ్చుకొందుము. మెచ్చుకొనుచు, అంత తెలిసిన ఆమెయు ముద్దాయిగానే నిలుచున్నదన్న మాట మరతుము. చమత్కారము అన్యాయమును చూపించును, ఒక్కొక్కప్పుడు దానిని చదువదగిన వినోదముగా గూడ మార్చును. ఈ యపాయము ఆయనకంటె ఆయనను అనుకరించినవారిలో మిక్కుటము.

కల్పనను విడిచి శాస్త్రమని చెప్పుకొను గ్రంథములకు వత్తము. 1892లో మద్రాసు పోలీసు శాఖకు చెందిన ములాలీ దొర, ఈ రాజధానిలోని ‘నేరస్థ వర్గముల’నుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఏ కులమువా రెట్లు కన్నము వేయుదురు, ఏ వేషమున తిరుగుదురు అను వివరములు దాని సారము. గ్రంథకర్తలో శ్రద్ధ లేకపోలేదు; కాని ప్రశ్నయే తప్పు. ‘వీరెట్లు దొంగిలింతురు?’ అని అడిగినవాడు ‘ఏ యేట, ఏ ఆకలిలో?’ అని అడుగలేదు. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసునకు వచ్చెను. మద్రాసులో 1947లో గాని రద్దు కాలేదు. పుట్టుకయే నేరమను మాట ముప్పదియైదేండ్లకు పైగా మన యెరుకలవారివంటి జనులపై చట్టముగా నిలిచెను. నేరమునుగూర్చిన చెడ్డ పుస్తకము చెడ్డ చట్టమునకు తోడు కాగలదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

అడుగవలసిన ప్రశ్నను తర్వాతివారు అడిగిరి. డేవిడ్ ఆర్నాల్డు అను చరిత్రకారుడు 1979లో ప్రకటించిన వ్యాసమున, మద్రాసు రాజధానిలో ధాన్యపు ధరలు పెరిగిన యేండ్లలో దోపిడులు పెరిగిన తీరును విశదపరచెను. 1876–78 నాటి కరవు మా తాతముత్తాతలు మరువనిది. వానలెక్కను పోలీసు లెక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు, దొంగ యను పేరు వెనుక ఎండిన చేను కనబడును. ఏటికి సగటున అయిదువందల యేబది మిల్లీమీటర్ల వానయైన నమ్మకముగా కురియని ఈ నేలమీద, ఆ ప్రక్కపుటను చదువక నేరచరిత్ర వ్రాయుట సగము వ్రాయుటయే.

నేడు సీమ ముఠాకక్షలపై పుస్తకములకు, చలనచిత్రములకు కొదువ లేదు. వేటకొడవళ్ళు, నాటుబాంబులు, మీసములు, ఇంతే సరకు. చచ్చినవాని భార్య కోర్టునకు ఎన్ని వాయిదాలు తిరిగినది, సాక్షి యెందుకు మాట మార్చినాడు, ఇరుపక్షముల చచ్చిన కూలివాండ్రకు సొంత భూమి యెంత యుండెను, అను విషయములు అందు వెదకినను దొరకవు. గణితాచార్యుడుగా నుండి పిదప న్యాయవాది యైన కె. బాలగోపాల్‌గారు (1952–2009) ఈ కక్షలను భూమి, నీరు, గుత్తపనులు, అధికారము వీనితో ముడిపెట్టి పరిశీలించి వ్రాసిరి. సాహిత్యవిమర్శయు చేసిన వా రగుటవలన, హింసను వర్ణించుటకును వివరించుటకును గల భేదము వారికి తెలిసియుండెను. ఆ దారిని నడచినవారు మిక్కిలి కొద్దిమంది.

ఇక్కడ వృత్తిధర్మమునుగూర్చి రెండు మాటలు. 1872నాటి సాక్ష్యచట్టము పోలీసు అధికారివద్ద చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై రుజువు చేయరాదని శాసించెను. 2024 జూలై 1న వచ్చిన క్రొత్త చట్టమును ఆ నియమమును నిలిపియున్నది. కోర్టే పట్టని ఆ యొప్పుకోలును, నిజమైన నేరచరిత్రలని చెప్పుకొను పుస్తకములలో యథాతథముగా అచ్చువేయుదురు! ముద్దాయికి కోర్టిచ్చిన రక్షణను పుస్తకము లాగికొనుట తగునా? రెండవది, కక్షిదారుడు వకీలునకు చెప్పిన రహస్యము. దానిని వెల్లడింపరాదని చట్టమే కట్టడి చేసెను. అట్టిచో కల్పన న్యాయవాదికి అలంకారము గాదు, ఆశ్రయము. పేర్లు మార్చి, ఊళ్ళు మార్చి, నిజమును మాత్రము మార్చక చెప్పగల దారి అదియే. శాస్త్రిగారి వంటివారు కథయే వ్రాయుటకు ఇదియు నొక కారణమై యుండునని మేము తలంతుము.

ఇక మా మెట్టనేలమీద ఇంకను వ్రాయబడని గ్రంథమొకటి కలదు. వేరుసెనగ పంట పోయి, బోరు ఎండి, అప్పు మిగిలి, పురుగులమందు త్రాగిన రైతు మరణము గూడ పోలీసుఠాణాలో కాగితమగును. శవపంచనామాలో చావుకు కారణమను గడియుండును. అందు ‘విషము’ అని వ్రాయుదురు. విషము సాధనము, కారణమునకు ఆ కాగితమున చోటు లేదు. 2004లో ఇట్టి కుటుంబములకు సహాయ మిచ్చుటకు ప్రభుత్వపు ఉత్తర్వు వెలువడిన తర్వాత, చచ్చినవాడు రైతే యని, అప్పు నిజమే యని కుటుంబమువారు కాగితములతో రుజువు చేయవలసి వచ్చెను. కౌలురైతు పేర పట్టా లేదు. వడ్డీవ్యాపారి నోటు ఇచ్చియుండడు. భర్త పోయిన యాలు, తన భర్త రైతని రుజువు చేయలేక కార్యాలయపు మెట్లమీద కూర్చుండును. ముద్దాయి లేని కేసు ఇది. దీనిని చదువ నేర్చినవాడు న్యాయవాదికంటె వేరెవడు?

చట్టమునకు గూడ తన ఊహలు కలవు. ఏడేండ్లు వార్త తెలియనివానిని, బ్రదికియున్నాడని రుజువు కానిచో, చనిపోయినట్లు భావింతురు. కరవునకు వలసపోయి తిరిగిరాని మగని ఇంట, ఆ ఏడేండ్లు ఒక స్త్రీ సుమంగళియు గాక, వితంతువును గాక గడుపును. చట్టము ఒక వాక్యమున ముగించినదానిని ఆమె రెండువేల అయిదువందల దినములు బ్రదుకును. ఆ దినములను వ్రాయుటకే సాహిత్యము పుట్టినది.

అనంతపురములోను, గుత్తిలోను, ధర్మవరములోను, కదిరిలోను నల్లకోటు తొడుగు యువకులకు, యువతులకు మా విన్నప మొక్కటే. మీ బీరువాలలో ముగిసిపోయిన కేసుల కట్టలు చెదలు పట్టుచున్నవి. పేర్లు దాచి, రహస్యము కాపాడి, వానిలో కోర్టు అడుగని ప్రశ్నల జవాబులు వ్రాయుడు. ముద్దాయిని రాక్షసునిగా చేయకుడు, వీరునిగాను చేయకుడు. చచ్చినవానికి పేరుండెనని, ఆ యేట వాన రాలేదని మరువకుడు. గుత్తి ప్లీడరొకరు గేటుకాపరి పేరును నిలిపి నూటముప్పది యేండ్లు దాటినది. ఆ ఇద్దరు స్త్రీల కథ ఇంకను ఎవ్వరును వ్రాయలేదు.