కంటికీ నడుముకీ నచ్చిన బండి

బుల్లెట్ అందం పెట్రోలు ట్యాంకు దగ్గరే మొదలవుతుంది. నల్లరంగు మీద మెరిసే ఆ బంగారు గీత స్టిక్కరు కాదు, మద్రాసు పనివాళ్లు కుంచెతో గీసింది. స్కేలు ఆనించరు. వేళ్లు ట్యాంకు వంపును పట్టుకుని పోతుంటే గీత వెనకే వస్తుంది. ఆ చేతులకు దండం పెట్టాలి.

1955లో మద్రాసులో బిగించడం మొదలైన ఈ బండి రూపం దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు. గుండ్రటి హెడ్‌లైటు, బయటికే కనబడే ఇంజను, దాచిందంటూ ఏమీ లేదు.

అసలు పరీక్ష దూరప్రయాణంలో. పాత 350 ఇంజనులో సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లయితే, పిస్టను నడక 90. పైగా బరువైన ఫ్లైవీలు. అందుకే నెమ్మదిగా పోతున్నా బండి నిబ్బరంగా లాగుతుంది, మాటిమాటికీ గేరు మార్చే పని ఉండదు. హ్యాండిలు ఎత్తుగా ఉండడంతో వెన్ను నిటారుగా నిలుస్తుంది, మణికట్ల మీద భారం పడదు.

ఇక సీటు. మరీ మెత్తటి ఫోము కాసేపటికే అణిగిపోయి కింది రేకు తగులుతుంది. కాస్త గట్టిదే మేలని సీట్లు కుట్టేవాళ్లకు బాగా తెలుసు.

ఎక్కేముందు కళ్లు మెచ్చుకోవాలి, దిగాక నడుము మెచ్చుకోవాలి. నా దృష్టిలో అందమైన బండి అంటే అదే.