ఏడు చీలమన్నుల కింద

బాలింతకు దశమూలారిష్టం. నీరసపడ్డవాళ్లకు ద్రాక్షారిష్టం. రక్తం పట్టాలంటే లోహాసవం. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ఇళ్లలో ఈ మూడింటిలో ఒక్క సీసా అయినా లేని అలమర ఒకప్పుడు అరుదు. అన్నం తిన్నాక మూతెడు మందు, మూతెడు నీళ్లు కలిపి గుటుక్కున మింగేవాళ్లు. ముందు తీపి, వెనకాలే వగరు, గొంతు దిగేటప్పుడు సన్నని వెచ్చదనం. ఆ వెచ్చదనాన్ని ఎవరూ తెచ్చి కలపలేదు. జాడీకి మూత బిగించాక, చీకట్లో, నెల రోజుల పాటు దానంతటదే పుట్టింది.

కలిపిన పానీయాన్ని పాత్రలో పోసి నిలవబెట్టడం ఈమధ్య పడమటి దేశాల బార్లలో పెద్ద వేడుక అయింది. 2010 ప్రాంతంలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జెఫ్రీ మోర్గెన్‌థాలర్ అనే బార్ నిర్వాహకుడు కాక్‌టెయిళ్లను ముందే కలిపి, చెక్కపీపాల్లో పోసి, వారాల తరబడి ఊరనిచ్చి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు లండన్‌లో టోనీ కొనిలియారో అనే ఆయన గాజుసీసాల్లో నిలవబెట్టిన కాక్‌టెయిల్ రుచి చూశాకే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఇప్పుడు చిన్న పీపాలు కొనుక్కుని ఇంట్లోనే ఆ పని చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కాక్‌టెయిళ్లలో పడే దినుసుల పుట్టుక చూస్తే మాత్రం మళ్లీ వైద్యుడి గడపకే వస్తాం. అంగోస్టురా బిట్టర్స్‌ను 1824లో వెనిజులాలో తయారుచేసింది సైమన్ బొలివార్ సైన్యంలో పనిచేసిన జర్మన్ వైద్యుడు సీగర్ట్. అది సైనికుల కడుపునొప్పికి మందు. మూలికలు నానేసిన ద్రాక్షసారాయి వెర్మూత్ కూడా మందుగా మొదలై, తర్వాతే షోకు పానీయమైంది. వాళ్లది మందుగా పుట్టి విందులోకి వెళ్లిపోయింది. మనది ఇప్పటికీ మందుగానే మిగిలింది. దీన్ని మన ఘనతగానే నేను భావిస్తాను. కలిపే నేర్పు, నిలవబెట్టే ఓపిక రెండూ ఉన్న విద్య ఇది. ఇందులో కాలం కూడా తూకం వేసి వెయ్యాల్సిన దినుసే.

చరక సంహిత సూత్రస్థానంలో ఆసవాల, అంటే ఇలా ఊరవేసి పులియబెట్టే మందుల, పుట్టుకను తొమ్మిదిగా విడదీశారు: ధాన్యాలు, పండ్లు, వేళ్లు, చేవ, పువ్వులు, కాండాలు, ఆకులు, బెరడు, చక్కెర. వీటి నుంచి 84 ఆసవాల లెక్క చెప్పారు. పండ్లవే 26, చేవవి 20. చెట్టు లోపలి చేవను ఆసవంగా మార్చిన బుర్రకు నేను దణ్ణం పెడతాను. మనం పండు పులియడం చూస్తాం, పిండి పులియడం చూస్తాం, కట్టె పులుస్తుందని ఎవరికి తోస్తుంది?

స్థూలంగా, దినుసుల్ని పొయ్యెక్కించకుండా పచ్చినీళ్లలో ఊరవేస్తే ఆసవం, కషాయం కాచి ఊరవేస్తే అరిష్టం. సువాసన ఎగిరిపోయే సున్నితమైన దినుసులకు మొదటి దారి, గట్టి వేళ్లకు, బెరళ్లకు రెండోది. పేర్లు అన్నిసార్లూ ఈ గీతకు కట్టుబడి ఉండవనుకోండి.

కంచికచర్ల, నందిగామ వైపు మెట్ట ప్రాంతానికి ఈ విద్యతో దగ్గరి చుట్టరికం ఉంది. దశమూలాలంటే ఏ హిమాలయాల నుంచో రావాల్సినవి కావు. కాలికి గుచ్చుకునే పల్లేరు అందులో ఒకటి. గట్టుమీద ఊదాపువ్వు పూసి, ఒళ్లంతా ముళ్లున్న నేలములక ఇంకొకటి. ములక, ముయ్యాకుపొన్న, కోలపొన్న, గుడి ఆవరణలో మారేడు, అడవి అంచున గుమ్ముడు. తుమ్మబెరడుతో బబ్బూలారిష్టం, అడ్డసరంతో వాసకాసవం, పెరట్లో కలబందతో కుమార్యాసవం. పత్తిచేలో, మిరపచేలో కలుపని పీకి పారేసే మొక్క ఇంకొకరి ఇంట్లో బాలింత గ్లాసులోకి వస్తుంది. దశమూలారిష్టంలో అరవైకి పైగా దినుసులు పడతాయి. ఊళ్లో దొరకనివి బెజవాడ నుంచి పొట్లాలు కట్టించుకుని తెచ్చుకునేవాళ్లు.

ఇక జాడీ దగ్గరికి వద్దాం. పింగాణీ జాడీలు రాకముందు మట్టికుండే. కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, లోపలంతా నెయ్యి పట్టిస్తారు. మట్టికుండకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నెయ్యి వాటిని పూడుస్తుంది. లేకపోతే నెల తిరిగేసరికి మందులో కొంత కుండే తాగేస్తుంది. తర్వాత పిప్పలి, అగరు లాంటివి నిప్పులమీద వేసి, ఆ పొగమీద కుండను బోర్లిస్తారు. పొగకు లోపలి పరాయి క్రిములు చాలావరకు చస్తాయి, వాసన పాత్రకు పడుతుంది. బర్బన్ విస్కీ పోసే పీపాల లోపలి చెక్కను మంటపెట్టి నల్లగా కాలుస్తారు. ఆ దేశంలో నిప్పు, ఈ దేశంలో పొగ. నిలవ ఉండే పానీయానికి పాత్రను ముందు సిద్ధం చెయ్యాలన్న తెలివి మాత్రం ఒక్కటే.

కషాయం కాచి, వడగట్టి, పూర్తిగా చల్లారనివ్వాలి. తొందరపడితే పని చెడేది ఇక్కడే. గోరువెచ్చన దాటి ఉండగా మిగతావి కలిపితే పులియబెట్టాల్సిన ఈస్టు చచ్చిపోతుంది, జాడీ మూగగా ఉండిపోతుంది. చల్లారాక బెల్లం కరిగించి, మళ్లీ వడగడతారు. పుస్తకంలో కొలత చెప్పని చోట వాడుకోవడానికి పాతకాలపు వైద్య గ్రంథకర్త శార్ఙ్గధరుడు ఒక సూత్రం ఇచ్చాడు: ద్రోణం ద్రవానికి తులం బెల్లం, అందులో సగం తేనె, బెల్లంలో పదోవంతు దినుసుల పొడి. ఈ తులం మన బంగారం తులం కాదు, నూరు పలాల తులం. నేటి లెక్కలో సుమారు 12 లీటర్ల ద్రవానికి 4.8 కిలోల బెల్లం, 2.4 కిలోల తేనె, 480 గ్రాముల పొడి. అంటే జాడీలో దాదాపు మూడోవంతు తీపే.

అంత తీపి ఎందుకన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. ఈస్టు ఆ తీపిని తింటూ ఆల్కహాల్ చేస్తుంది. ఆల్కహాల్ పెరిగేకొద్దీ, మిగిలిన చిక్కని తీపి మధ్య ఈస్టు నీరసపడి ఆగిపోతుంది. ఆల్కహాల్ సాధారణంగా 5 నుంచి 10 శాతం దగ్గర నిలుస్తుంది. బెల్లం తగ్గిస్తే పలచనై పులిసిపోతుంది, మరీ పెంచితే పులియనే పులియదు. నోటికి ఇంపుగా ఉండటానికీ, చెడకుండా ఉండటానికీ, మత్తు హద్దు దాటకుండా ఉండటానికీ ఒకే కొలత సరిపోయేలా లెక్క కట్టారు.

బెల్లం విషయంలో వైద్యులు చాలా పట్టుదలగా ఉంటారు. పాతబెల్లమే కావాలి. బజార్లో తెల్లగా మెరిసే అచ్చులు పనికిరావు. ఆ తెలుపు కోసం వేసే హైడ్రోస్‌లోని గంధకం ఈస్టుకు గిట్టదు. నల్లబెల్లం కొనబోతే ఇంకో తంటా. నాటుసారాకు వాడతారని కొట్లమీద ఎక్సైజ్ వాళ్ల కన్ను ఉంటుంది.

అన్నింటికన్నా చిత్రమైన దినుసు ధాతకి పువ్వు. కొండవాలుల మీద పొదలుగా పెరిగే మొక్క, ఎర్రగా గుత్తులుగా పూస్తుంది. ఎండిన పువ్వును చేతిలో వేసుకుంటే నలిగిన కుంకుమరంగు పొట్టులా ఉంటుంది, నోట్లో పెడితే నాలుక ముడుచుకుపోయేంత వగరు. ఆ పువ్వులో తేనె ఉంటుంది, ఆ తేనెను అంటిపెట్టుకుని అడవి ఈస్టు ఉంటుంది. పువ్వును జాడీలో వేస్తే తోడు వేసినట్టే. పులియడం సూక్ష్మజీవుల పని అని లూయీ పాశ్చర్ నిరూపించింది 1850ల చివర్లో. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే, పేరు తెలియని ఆ జీవిని ఏ పువ్వు మోస్తుందో మనవాళ్లు పట్టుకున్నారు. ఆ వగరు కూడా వృథా పోదు. ఓక్ పీపా తన చెక్కలోంచి సారాయికి ఇచ్చే వగరుదనాన్ని ఇక్కడ పువ్వు ఇస్తుంది. పీపా చేసే పని సగం దినుసే చేస్తోందన్నమాట.

ద్రాక్షారిష్టానికైతే దాల్చినచెక్క, ఏలకులు, ఆకుపత్రి, నాగకేసరాలు, ప్రియంగువు, మిరియాలు, పిప్పళ్లు, వాయువిడంగాలు కచ్చాపచ్చాగా దంచి చివర్లో వేస్తారు. జాడీ ముప్పాతిక నిండితే చాలు. పొంగుకు చోటు కావాలి. పులిసే మొదటి రోజుల్లో పైన గుడ్డతో వాసెన కట్టి వదిలేస్తారు. బుసబుస తగ్గాక మూకుడు మూసి, బంకమన్ను పూసిన గుడ్డపేలికలు ఒకదానిమీద ఒకటి చుట్టి ఏడు చీలమన్నులు ఇస్తారు. గాలి చొరబడితే ఆల్కహాల్ కాస్తా పుల్లనీళ్లైపోతుంది. ఆ ఏడు పొరలు కాపలా కాసేది ఆ గాలినే.

తర్వాత జాడీని ధాన్యపు రాశిలో పూడుస్తారు. మెట్ట ఎండల సంగతి తెలిసినవాళ్లకు ఇందులో తెలివి వెంటనే అందుతుంది. జగ్గయ్యపేట, నందిగామల్లో ఎండాకాలం మధ్యాహ్నం 45 డిగ్రీలు కొత్త కాదు. నలభై దాటితే ఈస్టు పడకేస్తుంది. పుష్యమాసపు తెల్లవారుజాము చలికీ ముడుచుకుంటుంది. ధాన్యం మధ్య ఈ రెండూ లేవు. పగలు రాత్రి ఒకే తీరున వెచ్చగా ఉంటుంది.

నాగార్జునసాగర్ ఎడమకాలువ నీళ్లు రాకముందు ఈ వైపు జొన్నే ప్రధానం, జొన్నను నేలలో పాతరేసేవాళ్లు. పాతర తీసేటప్పుడు వెంటనే దిగేవాళ్లు కాదు. మూత తీసి, గాలి ఆడనిచ్చి, తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాళ్లు. దీపం ఆరితే మనిషి దిగకూడదు. గింజలు ఊపిరి పీల్చి వదిలిన బొగ్గుపులుసు గాలి లోపల నిండి ఉందని అర్థం. జాడీకి చేసే పరీక్షా ఇదే. పులుస్తున్న రోజుల్లో మూతి దగ్గర వెలిగించిన అగ్గిపుల్ల పెడితే టక్కున ఆరిపోతుంది. ఆరకుండా నిలకడగా వెలిగిందంటే పులియడం అయిపోయిందని లెక్క. చెవి పెట్టి వింటే మొదట సన్నని రొద, చివరికి నిశ్శబ్దం. పైన తేలిన ధాతకి పువ్వులు అడుగుకు దిగిపోతాయి. సున్నపుతేట దగ్గర పెట్టి, ఆ గాలికి అది పాలలా మారుతుందేమో చూడటం తర్వాతి కాలపు పద్ధతి. పరికరం ఒక్కటీ లేకుండా కన్ను, చెవి, అగ్గిపుల్లలతో పులిసే తీరును పసిగట్టిన ఈ ఘట్టం నాకు మొత్తం విద్యలోకెల్లా ఇష్టం.

ఈ నెల రోజుల్లో జాడీలో అసలు జరిగేదేమిటి? కషాయంలో నీళ్లకు లొంగినవే దిగుతాయి. మూలికల్లోని నూనెలు, జిగుర్లు నీళ్లకు అంతగా లొంగవు, సారాయికి లొంగుతాయి. అలాగని గట్టి సారాయిలో నానేస్తే నీళ్లకు దిగేవి వెనకబడతాయి. అరిష్టంలో ఆల్కహాల్ సున్నా నుంచి రోజురోజుకూ కొంచెంకొంచెంగా పెరుగుతుంది కాబట్టి రెండు రకాలూ వాటి వాటి వంతున దిగుతాయి. ముందు నీళ్ల పాలు, తర్వాత సారాయి పాలు. బయటి నుంచి ఒక్కసారిగా పోసిన ఆల్కహాల్ ఈ పని ఇదే వరసలో చెయ్యలేదు. తేట తీసి వేరే జాడీలోకి వంచాక కూడా మార్పు ఆగదు. ఘాటు నెమ్మదిస్తుంది, వగరు మడ్డిగా కిందికి చేరుతుంది, వాసనలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆసవాలు పాతబడేకొద్దీ గుణం పెరుగుతుందని శార్ఙ్గధరుడు అన్నాడు. నేటి కేంద్ర నిబంధనలు కూడా చూర్ణానికి రెండేళ్లు, ఆసవారిష్టాలకు పదేళ్ల గడువు ఇస్తున్నాయి.

పెరటి జాడీ స్థానంలో చాలాకాలంగా తయారీశాలల తొట్లు వచ్చాయి. గోదావరి జిల్లాల్లోని చింతలూరు మందులు ఆంధ్రదేశమంతా పేరుపడ్డవే. కేరళలో పి.ఎస్. వారియర్ 1902లో స్థాపించిన కోటక్కల్ ఆర్యవైద్యశాల సంగతి చెప్పనక్కర్లేదు. తయారీ పెద్దదైనంత మాత్రాన విద్య పోదు. నెల పట్టేదాన్ని వారంలో ముగించాలని చూసినప్పుడు పోతుంది. బజారు ఈస్టు వేసి వేగం పెంచితే ఆల్కహాల్ త్వరగానే వస్తుంది, దినుసుల సారం అదే వేగంతో దిగదు.

ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు వద్దనే. సారా వల్ల కొంపలు కూలిన ఊళ్లు మనవి. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగి కదిలిన రాష్ట్రం మనది. ఇంట్లో మద్యం పుట్టించడం చట్టంతో చిక్కు, శుభ్రత కుదరకపోతే ఒంటికీ చిక్కు. 1955లో కేంద్రం మందుల్లోని మద్యానికి చట్టం తెచ్చినప్పుడు తమలో తామే ఆల్కహాల్ పుట్టించుకునే ఆయుర్వేద మందులను విడిగా గుర్తించింది. అవి లైసెన్సు ఉన్నవాళ్లు చేస్తేనే మేలు. గర్భిణులు, మధుమేహం ఉన్నవాళ్లు, కాలేయం దెబ్బతిన్నవాళ్లు, మద్యం మానేసినవాళ్లు వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు. మామూలు మోతాదు పెద్దవాళ్లకు 15 నుంచి 25 మిల్లీలీటర్లు, అంతే నీళ్లతో, భోజనం తర్వాత.

సీసా కొనేటప్పుడు చీటీ చదవండి. ఆల్కహాల్ తనంతట తానుగా పుట్టిందని, ఎంత శాతమో, ఎప్పుడు తయారైందో రాసి ఉండాలి. అడుగున సన్నని మడ్డి కనపడితే చెడిపోయిందని పారెయ్యకండి. కదపకుండా ఒక పూట నిలబెట్టి, పైతేట వంచుకుంటే సరిపోతుంది. బూజు పట్టినా, మూత తియ్యగానే పుల్లని ఘాటు ముక్కుకు కొట్టినా మాత్రం వాడొద్దు. ఆ సీసాలోకి గాలి దూరింది.