సంవాద విచారం వెలుగులో యంత్రచిత్రాలు: చెర్యాల పటం సాక్ష్యం

నిజామాబాద్ పట్టణం నుంచి బోధన్, వర్ని, చందూర్ దాకా కూడళ్ళలో నిలిచే పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీలను గమనిస్తే, ఒక్క తరంలోనే బొమ్మ రెండుసార్లు చేతులు మారిన సంగతి తెలుస్తుంది. గోడల మీద, రేకుల మీద కుంచెతో అక్షరాలూ బొమ్మలూ వేసే పెయింటర్ల పనిని మొదట డిజిటల్ ముద్రణ తీసుకుంది. ఆ ముద్రణకు కావలసిన బొమ్మను కూడా ఇప్పుడు మాటల్లో అడిగితే యంత్రం ఇస్తోంది. అడిగేవారు తరచుగా ఏదో ఒక శైలి పేరు జోడించి అడుగుతారు. 2025 మార్చిలో జపాన్‌లోని జిబ్లీ స్టూడియో శైలిలోకి తమ ఫొటోలను మార్చుకోవడం ప్రపంచమంతటా వేలంవెర్రిగా సాగింది. ‘బాపు గీతలో’ అనో, ‘చెర్యాల పటంలా’ అనో అడగడానికీ అంతే సౌలభ్యం ఉంది. యంత్రానికి సృజన ఉందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఈ చిత్రాలపై చర్చ ఎక్కువగా ఆగిపోతున్నది. దానికన్నా ముందు తేల్చవలసింది వేరే ఉంది. ఒక కృతి మరొకదాన్ని పోలినప్పుడు ఆ పోలిక ఏ జాతికి చెందినది? దీన్ని పరీక్షించే పరికరం అలంకారశాస్త్రంలో ఎప్పుడో సిద్ధమైంది.

ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో ఆనందవర్ధనుడు కావ్యాల మధ్య కనిపించే సాదృశ్యాన్ని సంవాదమని పేర్కొని మూడు విధాలుగా విభజించాడు. అద్దంలోని ప్రతిబింబం వంటిది ఒకటి, చిత్తరువు వంటిది రెండోది, ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుషుల వంటిది మూడోది. ప్రతిబింబానికి తనదైన ఆత్మ లేదు. చిత్తరువుకు ఉన్నా అది తుచ్ఛం. మూడోదానికి తన దేహం, తన ప్రాణం ఉన్నాయి కనుక అక్కడ పోలిక దోషం కాదు. మొదటి రెండింటినీ కవి విడిచిపెట్టాలని ఆయన తీర్పు. చిత్రకళకు ఆచార్యుడు అన్యాయం చేశాడని ఎవరైనా అనవచ్చు గాని, ఆయన ఉద్దేశించింది మూలానికి నకలుగా గీసిన రూపాన్నే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఈ విభజనను విస్తరించి, పరపురప్రవేశసదృశమనే నాలుగో రకాన్ని చేర్చాడు. పాత వస్తువును మళ్ళీ తీసుకోవడాన్ని ఇద్దరిలో ఎవరూ నేరంగా చూడలేదు. అందువల్ల ‘యంత్రం పాతదాన్నే తిప్పి ఇస్తుంది’ అన్న వాడుక ఆక్షేపణ ఈ శాస్త్రం ముందు నిలవదు.

యంత్రం పనిచేసే తీరును ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవాలి. 2022లో వెలువడిన లయాన్ 5బి అనే దత్తాంశంలో దాదాపు 585 కోట్ల బొమ్మ-శీర్షిక జంటలున్నాయి. అదే ఏడాది ఆగస్టులో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్ దానిలోని భాగాల మీదనే శిక్షణ పొందింది. బొమ్మలో చుక్కల గజిబిజిని కలిపి, దాన్ని తిరిగి తొలగించడం నేర్చుకోవడం ఆ శిక్షణ సారం. నేర్చుకున్నాక శుద్ధమైన గజిబిజి నుంచే, అడిగిన మాటల దారి పట్టుకుని, బొమ్మను తేలుస్తుంది. సాధారణంగా ఏ ఒక్క మూలాన్నీ ఉన్నదున్నట్టు దించదు కనుక దాన్ని ప్రతిబింబమనలేం. అయితే శీర్షికలు సమృద్ధిగా ఉన్న వస్తువు దానికి బాగా తెలుస్తుంది, లేనిచోట దగ్గరలో ఎక్కువగా దొరికిన దానివైపు జారుతుంది. చందూర్ శివారు చెరకు తోటకు అంతర్జాలంలో ఎవరూ శీర్షిక రాసి పెట్టకపోతే, ఆ తోట యంత్రానికి ‘ఏదో ఒక భారతీయ పొలం’గానే మిగులుతుంది. చెర్యాల విషయంలో చిక్కు మరో రకంగా ఉంటుంది. ఎర్రని నేల, గుండ్రని కళ్ళు, పూల అంచు అనే బాహ్య లక్షణాలు యంత్రానికి అందుతాయి. అందనిది ఏమిటో తెలియాలంటే పటం దగ్గరికే వెళ్ళాలి.

నకాశీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతలు పట్టించి పటం సిద్ధం చేసేవారు. ముప్పై అడుగులు దాటే ఆ పటాన్ని అడ్డగీతలతో అరలుగా విడదీసి కథను పైనుంచి కిందికి నడిపించేవారు. పటం వేయించేది ధనికుడైన కళాభిమాని కాదు, కథ చెప్పే ఆశ్రిత కులం. పద్మశాలీలకు కూనపులివారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు ఎవరి పురాణం వారు చెప్పుకునేవారు. పద్మశాలీలు గణనీయంగా ఉన్న నిజామాబాద్ ప్రాంతానికి మార్కండేయుడూ భావనారుషీ ఇంటి దేవుళ్ళే. తామరతూడుల నారతో దేవతలకు వస్త్రం నేసిన కథలో ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో వినేవారికి ముందే తెలుసు. చిత్రకారుడు ఒక ఘట్టం దాటవేస్తే కథకుడికి మాట ఆగుతుంది, పొరపడితే వాడకట్టు గుర్తుపడుతుంది. అరలో ఉన్న బొమ్మకు అర్థం పూర్తయ్యేది కథకుడు పుల్లతో దాన్ని చూపి గొంతెత్తినప్పుడే. పటం శిథిలమైతే శాస్త్రోక్తంగా నీటిలో కలిపి కొత్తది వేయించుకునేవారు. పుట్టుక, పని, చావు ఉన్న వస్తువది. కొత్త పటం పాతదాన్ని ఎంత పోలినా అది తన దేహంతో, తన ప్రాణంతో నిలిచిన తుల్యదేహి. ఆనందవర్ధనుని మూడో విధానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ కావ్యాలలో కూడా అరుదు.

ఈ దృష్టితో చూస్తే యంత్రం ఇచ్చే ‘చెర్యాల బొమ్మ’ రెండో విధంలోకి వస్తుంది. అది ఒకే ఒక అర. దానికి ముందరి అర లేదు, తరువాతి అర లేదు, తప్పు పట్టే వాడకట్టు లేదు.

ఈ వర్గీకరణకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. శైలిని కథ నుంచి విడదీసినది యంత్రం కాదు. ఆశ్రిత కులాలకు ఆదరణ తగ్గిపోయాక నకాశీ కుటుంబాలు పొడవైన పటాలు మాని గోడకు తగిలించే విడి బొమ్మలు, ముఖాల తొడుగులు, కానుక వస్తువులు చేయడం మొదలుపెట్టాయి. బతకడానికి వారికి వేరే దారి కనిపించలేదు. కొనేవారికి కథతో నిమిత్తం లేదు, ఎర్రరంగు చాలు. అంటే యంత్రం నేర్చుకున్న ‘చెర్యాల’లో అధికభాగం అప్పటికే కథ ఊడిపోయిన చెర్యాలే. ఈ వాదన నిజమే. అయినా విడి బొమ్మ వేసిన నకాశీ చేతిలో పాత పటాల అభ్యాసం ఉంది, అడిగితే పటం మొత్తం వేయగల శక్తి ఉంది. ఆ శక్తి ఎంతకాలం ఉంటుందనేది అడిగేవారి మీద ఆధారపడుతుంది. విడి బొమ్మకైనా బేరం ఉన్నంతవరకు కొడుకు తండ్రి పక్కన కూర్చుంటాడు. ఆ బేరాన్ని ఉచితంగా వచ్చే బొమ్మ మింగితే నష్టపోయేది బొమ్మ ఒక్కటే కాదు, ఆ కూర్చోవడం కూడా. భౌగోళిక గుర్తింపు చెర్యాల పేరును కాపాడుతుంది గాని, శైలిని శైలిగా కాపాడే చట్టం లేదు.

అడిగి బొమ్మ తెప్పించుకునే మనిషి సంగతేమిటి? అతనిది శూన్యమైన పని అనడం తొందరపాటు. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో జేసన్ అలెన్ యంత్రచిత్రానికి బహుమతి వచ్చింది. కనీసం 624 సార్లు మాటలు మార్చి అడిగానని అతడు చెప్పుకున్నాడు. 2023లో అక్కడి కాపీరైటు కార్యాలయం ఆ చిత్రానికి హక్కు నిరాకరించింది. రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా చెప్పాడు. చేసేవానికి ఉపకరించేది మొదటిది, ఆస్వాదించి తూచేవానికి ఉపకరించేది రెండోది. వచ్చిన బొమ్మల్లో 623 తోసిపుచ్చి ఒకటి ఉంచుకున్నవానిలో పనిచేసింది భావయిత్రి. అది తక్కువదేమీ కాదు. కాని అది పెరగడానికి అతడు అప్పటికే ఎన్నో మంచి బొమ్మలు చూసి ఉండాలి. భావకులలో సతృణాభ్యవహారి అనే వర్గాన్ని కూడా రాజశేఖరుడు పేర్కొన్నాడు, గడ్డీ గింజా కలిపి మేసేవాడని అర్థం. ఫోన్ తెరమీద వచ్చిన ప్రతి బొమ్మకూ చప్పట్లు కొట్టే నేటి వీక్షకుని ఆయన చూసే రాశాడా అనిపిస్తుంది.

మమ్మటుడు కావ్యహేతువులలో శక్తికీ నిపుణతకూ తోడుగా అభ్యాసాన్ని నిలిపాడు. 624 సార్లు అడగడంలో మాట పదునెక్కవచ్చు, చెయ్యి మాత్రం మొదటిరోజున ఉన్నచోటే ఉంటుంది. తెలుగు శాఖలు ఇప్పుడు చేయదగిన పని ఒకటి మిగిలి ఉంది. కథకులు ఇంకా ఉన్న ఊళ్ళలో పటాన్నీ పాఠాన్నీ విడదీయకుండా, ఏ అర దగ్గర ఏ మాట వస్తుందో ఆ క్రమంలోనే రికార్డు చేయాలి. ఇప్పటిదాకా పటం కళాచరిత్రకారుల చేతికి, పాఠం జానపద పరిశోధకుల చేతికి వేర్వేరుగా వెళ్ళడమే ఎక్కువ. పుల్ల ఏ బొమ్మ మీద ఎంతసేపు నిలిచిందో ఆ రెండు చోట్లా నమోదు కాదు.