గరగర ఎక్కడ పుట్టింది?

వీడియో ఎడిటింగ్ మధ్యలో గొంతు ఉన్నట్టుండి గరగరలాడితే చాలామంది చేసే మొదటి పని సెట్టింగుల మీద పడటం. క్యాష్ తుడిచేస్తారు, ఎఫెక్టులు తీసేస్తారు, చివరికి సాఫ్ట్‌వేర్‌నే మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఏదో ఒకటి పనిచేస్తుంది. ఏది పనిచేసిందో మాత్రం తెలియదు. సినిమా, టెలివిజన్ సౌండ్ విభాగాల్లో టేపుల కాలం నుంచి నడిచిన పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. మైకు నుంచి స్పీకరు దాకా ఉన్న దారిలో ధ్వని ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడ చెడింది అన్నది ముందు తేల్చేవారు. అది తేలేదాకా దేన్నీ కదిలించేవారు కాదు. కంప్యూటర్ వచ్చాక ఆ పద్ధతికి పని తగ్గలేదు, పెరిగింది. టేపు మెషీన్ల మధ్య కేబులు కంటికి కనిపించేది. ఇప్పుడు ఫైలు, టైమ్‌లైన్, డ్రైవర్, బ్లూటూత్ ఒకదాని వెనక ఒకటి దాగి ఉన్నాయి.

ఆ పద్ధతికి ఆయువుపట్టు తెలిసిన శబ్దం. ప్రసారానికి పంపే టేపు మొదట్లో రంగుల పట్టీలతో పాటు 1 కిలోహెర్ట్జ్ టోన్ ఎక్కించేవారు. టేపు అందుకున్న ఇంజనీరు తన మీటర్లను దానితో సరిచూసుకునేవాడు. మాటల్లో, సంగీతంలో చిన్న దోషం దాక్కోగలదు. ఒకే స్వరం నిలకడగా మోగుతుంటే చిన్న చిటుకు కూడా దాగదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ఈ బార్స్ అండ్ టోన్ ఇప్పటికీ ఉంది, కానీ దాన్ని పరీక్షకు వాడేవారు తక్కువ. చెడిందనుకున్న క్లిప్పు పక్కన, కొత్త ట్రాకులో ఆ టోన్ వేసి వినాలి. అదీ చిటపటలాడితే క్లిప్పుకు ఏ పాపం తెలియదు. టోన్ నున్నగా వినిపించి క్లిప్పు ఒక్కటే గరగరమంటే ముందు అనుమానించాల్సింది క్లిప్పునే. ఒక్క నిమిషంలో వెతకాల్సిన చోటు బాగా తగ్గిపోతుంది.

రెండో పరీక్ష ఎక్స్‌పోర్ట్. చెడుగా వినిపించిన చోట ఓ పది సెకన్లు ఎక్స్‌పోర్ట్ చేసి వేరే ప్లేయర్‌లో, వీలైతే వేరే పరికరంలో వినాలి. అక్కడ శుభ్రంగా ఉంటే దోషం వినిపించే వైపే ఉంది. అటువైపు ఎక్కువగా దొరికే కారణం బఫర్, అంటే స్పీకరుకు పంపేముందు ధ్వనిని కాసేపు నిల్వ ఉంచే చోటు. మిద్దె మీది ట్యాంకు చిన్నదైతే మోటారు కాస్త ఆగినా కుళాయిలో ధార తెగుతుంది. బఫర్ సంగతీ అంతే. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 నమూనాల (శాంపిళ్ల) బఫర్‌లో ఉండేది దాదాపు 5 మిల్లీసెకన్ల ధ్వని. భారీ వీడియోతో ప్రాసెసర్ అంతకన్నా ఎక్కువసేపు తలమునకలైతే శబ్దం తెగి చిటపటలు పుడతాయి. బఫర్‌ను 1024కు పెంచితే 21 మిల్లీసెకన్ల వెసులుబాటు దొరుకుతుంది. ఇక బ్లూటూత్ హెడ్‌సెట్. దాని మైకును కంప్యూటర్ ఇన్‌పుట్‌గా ఎంచుకుంటే చాలా హెడ్‌సెట్లు ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతాయి. అందులో నమూనాల వేగం ఎక్కువగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్. 8 అయితే 4 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది కాబట్టి స, శ, ష ముందుగా మసకబారతాయి. ఇన్‌పుట్‌లో ఆ మైకును తీసేస్తే గొంతు తేరుకుంటుంది.

నమూనాల వేగం పొసగకపోవడం మరో రకం దోషం. 44.1 కిలోహెర్ట్జ్ ధ్వనిని మార్పిడి చేయకుండా 48గా చదివితే గంట కార్యక్రమం 55 నిమిషాల 7.5 సెకన్లలో ముగుస్తుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర అర్ధస్వరం పైకి పోతుంది. పాడే గొంతులో ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది. మామూలు మాటల్లో ఎవరో హడావుడిగా మాట్లాడుతున్నట్టు అనిపిస్తుందంతే, అందుకే జారిపోతుంది.

ఎక్స్‌పోర్ట్‌లో కూడా గరగర ఉంటే వెతుకులాట టైమ్‌లైన్‌లోకి మారుతుంది. ఒకే గొంతు పొరపాటున రెండు ట్రాకుల్లో సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే స్థాయి 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మాస్టర్ మీటరు సున్నా దాటవచ్చు. నేటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు లోపలి లెక్క 32 బిట్ ఫ్లోట్‌లో నడుస్తుంది. అక్కడ సున్నా దాటిన తరంగం ఇంకా పోలేదు. బయటికి వెళ్లేచోట మాత్రమే తెగుతుంది. కాబట్టి మాస్టర్ తగ్గించి వినడమే పరీక్ష. గరగర మాయమైతే తప్పు మిక్సింగ్‌ది. శబ్దం తగ్గినా గరగర తగ్గకపోతే, తరంగాన్ని పెద్దది చేసి చూస్తే శిఖరాలు చదునుగా కోసేసినట్టు కనిపిస్తే, అది రికార్డింగ్‌లోనే చెడింది.

క్యాష్ తుడిస్తే బాగైపోయేదానికి ఇంత తతంగం ఎందుకని అడగవచ్చు. ప్రీమియర్ ప్లేబ్యాక్ కోసం తయారుచేసుకుని క్యాష్‌లో ఉంచే కన్ఫార్మ్ ఫైళ్లు పాడైతే నిజంగానే శబ్దం చెడుతుంది, వాటిని తుడిచినా అసలు ఫైలుకు నష్టం లేదు. తుడవడం తప్పు కాదు. దానితో పాటు మరో నాలుగు మార్చడమే తప్పు, ఎందుకంటే రేపు అదే దోషం మళ్లీ వస్తే మళ్లీ అయిదూ చేయాలి. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: ఎక్స్‌పోర్ట్ బాగుంటే చాలదా, ఎడిటింగ్‌లో ఎలా వినిపిస్తే ఏం? చాలదు. ఎడిటర్ నిర్ణయాలన్నీ విన్నదాని మీదే ఆధారపడతాయి. ఫైలులో లేని చిటపటను తొలగించడానికి నాయిస్ రిడక్షన్ వేస్తే అది చిటపటను ముట్టుకోదు, గొంతులోని సున్నితమైన భాగాల్ని తినేస్తుంది. వినిపించే వైపు పుట్టిన దోషం ఆ విధంగా ఫైలులోకి చేరి శాశ్వతమవుతుంది. ప్లేబ్యాక్ దోషాలన్నింటిలోకీ ఖరీదైనది ఇదే.

ఇక రికార్డింగ్‌లోనే తెగిన శిఖరాలను అతికే డీ-క్లిప్ పనిముట్లు ఇప్పుడు బాగా మెరుగయ్యాయి, వాటిని కాదనడానికి కారణం లేదు. అవి చుట్టుపక్కల తరంగాన్ని చూసి పోయిన భాగాన్ని ఊహిస్తాయి. అక్కడక్కడా తెగిన మాటకు ఆ ఊహ సరిపోతుంది; వాక్యమంతా చదునైపోతే సరిపోదు. అప్పుడు చేయాల్సింది ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పించుకోవడం, ఈసారి శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోవడం.