అమ్మ చీర, మన కత్తెర

తిరువూరులో ఉన్నవాళ్లు కొత్త డిజైన్ డ్రెస్ కావాలంటే విజయవాడ బస్సెక్కాలనుకుంటారు. అక్కర్లేదు. అటక మీది కుట్టుమిషన్ దించి, చుక్క నూనె వేసి, బీరువాలో మడతల్లోనే మిగిలిపోయిన అమ్మ మంగళగిరి చీర తీస్తే సగం పని అయినట్టే.

సొంతంగా కుట్టుకునే కుర్రకారుకి మంగళగిరి నేత వరం. నడుమంతా సాదా, సోకంతా అంచుది. నిజాం అంచులో బారుగా సాగే బుల్లి గోపురాల్ని కుర్తా అడుగున పెట్టాలా, చేతుల చివరా, మెడ చుట్టూనా? కుట్టేవాళ్ల బుర్ర అక్కడే తెలిసిపోతుంది. తెలివైనవాళ్లు ముందు పాత దినపత్రిక మీద గీసి, కత్తిరించి, ఒంటికి ఆనించి చూసుకుంటారు. చీర మీదికి సుద్దముక్క ఆ తర్వాతే. జాకెట్టుకైతే క్రాస్ కటింగ్: గుడ్డని ఏటవాలుగా కోస్తే కాస్త సాగి ఒంటికి అమరుతుంది. గుడ్డ మాత్రం ఎక్కువ తింటుంది. (మొదటి జాకెట్టు చంకల దగ్గర పట్టేయడం మామూలే, లోపల అంగుళం గుడ్డ వదిలినవాళ్లు బతికిపోతారు.)

ఇదేం పెద్ద పని అనేవాళ్లకి ‘మహానటి’ జవాబు. 2018లో వచ్చిన ఆ సినిమా దుస్తులకి ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు జాతీయ అవార్డు అందుకున్నారు.

ఈ ఆదివారం మిషన్ దుమ్ము దులపండి. బాబిన్‌కి దారం చుట్టడం ఇంట్లో ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది, అడగండి.