మాండొలిన్ శ్రీనివాస్: వరమా, శ్రమా?

ఉప్పలపు శ్రీనివాస్ మాట వచ్చినప్పుడల్లా మా అనకాపల్లి సంగీతాభిమానులు "పూర్వజన్మ సుకృతం" అని ఊరుకుంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. మా ఊళ్ళో బెల్లం వండే మనిషి పాకం తెలుసుకోవటాన్ని ఎవరూ సుకృతమనరు, పనితనమంటారు. కళాకారుడి దగ్గరకు వచ్చేసరికి ఆ పని ఎందుకు మాయం కావాలి?

1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ చేతికి అందింది ఐరోపా వాద్యం. దానివి జంట తీగలు. మీటగానే నాదం ఆరిపోతుంది. దానిమీద గమకం పలకదన్నవారున్నారు. అతను జంట తీగలు తీసి ఒంటి తీగలు కట్టాడు, అయిదో తీగ చేర్చాడు, విద్యుత్తుతో నాదాన్ని నిలిపాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండొలిన్ వాదకుడు కాడు. ఆయన పాడితే ఆ పాటను అతను వేళ్ళతో పట్టుకున్నాడు. ఇందులో మహిమ ఎక్కడ?

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తర్వాత జాన్ మెక్లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో చేరాడు. జాజ్ వాదకుడు అప్పటికప్పుడు అల్లుతాడు. మన కచేరీలో కల్పనస్వరమూ అంతే. ఆ పోలిక గుర్తించినచోట ఫ్యూజన్ నిలిచింది. వేగమే ఘనతగా సాగినచోట భావం పలచబడింది. ఆ లోపం కప్పిపుచ్చనక్కరలేదు.

2014లో 45 ఏళ్ళకే కన్నుమూశాడు. అతని విద్య వరమే అయితే, వరం రాని బీదపిల్లలు వాద్యం ముట్టనక్కరలేదు. శ్రమ అయితే, వారికి వాద్యమూ గురువూ ఏరని మనం అడగవలసి వస్తుంది.